పాడేరు కొండల్లో దొరికిన పాత ఫోర్ బై ఫోర్

విశాఖపట్నంలో అమ్మకానికి ఉన్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ (ఫోర్ బై ఫోర్, అంటే ఇంజన్ శక్తి నాలుగు చక్రాలకూ అందే) బండిని చూడటానికి ఎవరి ఇంటికి వెళ్లినా, నడిపి చూపించడానికి వారు తీసుకువెళ్లేది బీచ్ రోడ్డుకే. నున్నటి తారు మీద రుషికొండ వైపు కాసేపు పోనిచ్చి, మధ్యలో ఫోర్ హై (మామూలు వేగంలో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే గేరు) వేసి, "చూశారా, లైటు వెలిగింది" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు చిరాకు కలిగేది. మన దగ్గర దొరికే పాత బండ్లలో చాలావాటికి ఉండేది పార్ట్ టైమ్, అంటే అవసరమైనప్పుడే వేసుకునే, ఫోర్ వీల్ డ్రైవ్. ఫోర్ వేయగానే ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకదానితో ఒకటి బిగుసుకుంటాయే తప్ప, వాటి మధ్య వేగం తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలోనైతే టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది గాని, ఎండిన తారు మీద జారడానికి వీలులేక ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. ఇన్నేళ్లు బండి నడిపిన మనిషికే ఈ సంగతి తెలియకపోతే, ఆ బండి లోపల ఏమేమి అరిగిపోయి ఉంటాయో ఎవరు చెప్పగలరు?

దీనికి తోడు సముద్రం. మేము కొనడానికి బండ్లు చూడబోతే మాతో వచ్చే మేస్త్రి గారు గాజువాక ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా జీపుల పని చేస్తున్నవారు. ఆయన ముందుగా ఇంజన్ వంక చూడరు. గోనెపట్టా పరచుకుని బండి కిందకు వెళ్లి, స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్ (బండి బరువు మోసే ఇనుప చట్రం) పొడవునా తట్టుకుంటూ వస్తారు. లాసన్స్ బే కాలనీలో ఒక బండికి కొత్త రంగు, కొత్త సీటు కవర్లు, అడుగున నల్లటి అండర్ కోటింగ్, అన్నీ చక్కగా ఉన్నాయి. కాని ఖంగుమనవలసిన చోట తట్టినప్పుడు మెత్తని చప్పుడు వచ్చింది. మొన గుచ్చితే రేకు లోపలికి దిగిపోయింది. ఉప్పుగాలికి తోడు సరదాగా ఇసుకలో తిప్పిన బండి అయితే, ఛాసిస్ పెట్టె లోపల చేరిన ఉప్పు తడి ఎప్పటికీ ఆరదు. పైన ఎంత రంగు వేసినా తుప్పు లోపలి నుంచే తింటుంది. ఆ సంగతి చెప్పగానే యజమానికి కోపం వచ్చింది. ఆ స్థితిలో ఉన్న బండికి ఆయన చెప్పిన ధర పది లక్షలు. రెండు చక్రాలకే శక్తి అందే మామూలు టూ వీల్ డ్రైవ్ బండి కంటే ఫోర్ బై ఫోర్‌కు లక్షో రెండు లక్షలో ఎక్కువ అడగటం న్యాయమే కావచ్చు గాని, వెనుక అంటించిన 4x4 అనే అక్షరాలకు తప్ప అడుగున ఉన్న యంత్రానికి విలువ కట్టే అమ్మకందారు ఈ నగరంలో నాకు కనిపించలేదు.

మాకు ఇలాంటి బండి ఎందుకంటే, కారణం బొర్రా దగ్గరి కటికి జలపాతం. అక్కడికి వెళ్లాలంటే అద్దె జీపే గతి. సెలవు రోజున వారు చెప్పిందే రేటు, ఎక్కించిందే లెక్క. వెనుక ఎదురెదురు బల్లల మీద ముక్కూముఖం తెలియని మనుషుల మధ్య మా ఇద్దరు పిల్లలు, పట్టుకోవడానికి ఒక కడ్డీ తప్ప ఏమీ లేక, ప్రతి గుంటకూ ఎగిరిపడుతూ వచ్చారు. దిగిన తరువాత మా ఆవిడ ఒకటే అంది: "ఏవండీ, వెళితే మన బండిలో, బెల్టు పెట్టుకుని వెళదాం. లేదంటే మానేద్దాం." ఆ మాట మీదనే మా వెతుకులాట అంతా నడిచింది. 2010లో వచ్చిన మొదటి తరం మహీంద్రా థార్ జీపు గట్టిదే అయినా, వెనుక ఉండేవి ఆ ఎదురెదురు బల్లలే. 2020లో వచ్చిన థార్‌లో ముందుకు తిరిగిన వెనుక సీట్లు దొరుకుతాయి. అయితే వెనుక తలుపులు లేవు కనుక ముందు సీటు వంచి లోపలికి దూరాలి, మా అమ్మ మోకాళ్లకు అది సాధ్యం కాదు. మారుతి జిప్సీ తేలికైన బండి, మట్టిలో దానికి సాటి వచ్చేవి తక్కువ. కాని దాని వెనుక సీట్లో కొండదారిలో రెండు గంటలు కూర్చోమని ఎవరినీ అడగలేను. చివరికి స్కార్పియో ఫోర్ బై ఫోర్, లేదా సఫారీ స్టార్మ్ ఫోర్ బై ఫోర్, ఈ రెండింటి దగ్గర మా ఆలోచన ఆగింది.

పాడేరులో 2016 నాటి స్కార్పియో ఒకటి ఉందని మేస్త్రి గారికి కబురు వచ్చింది. డిసెంబరులో మా ఆవిడా, పిల్లలూ, ఆయనా, నేనూ విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సు ఎక్కాం. చోడవరం దాకా ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. వడ్డాది, మాడుగుల దాటి ఘాట్ మొదలయ్యే ముందు నా పక్క సీటులోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఒళ్లో గోనెలో చుట్టిన క్లచ్ ప్లేటు ఉంది. ఏజెన్సీలో ముప్పై ఏళ్లుగా కమాండర్ జీపు తోలుతున్నాడట. సంతలకు మనుషుల్నీ, పసుపు బస్తాల్నీ, కాఫీ గింజల్నీ మోసిన జీపు. మేము ఫోర్ బై ఫోర్ కొనడానికి వెళుతున్నామని విని చాలాసేపు మాట్లాడలేదు. గరికబంద దాటాక తానే అడిగాడు.

"నీ జీపుకి ఫోర్ ఉందా బాబాయ్ అని అడగవేటి బాబూ?"

ఉందా అని అడిగాను.

"నేదు. టూ వీలే. ఈ కొండల్లో సగం బళ్లు టూ వీలే. ఫోర్ గేరు లోపలికి ఎల్లడానికి కాదు బాబూ, బయటికి రావడానికి ఉంచుకోవాల. టూ మీద ఎల్లినంత దూరం ఎల్లు. ఇరుక్కున్నావనుకో, ఫోర్ ఎయ్యి, ఎనక్కొచ్చీ. ముందే ఫోర్ మీద ఎల్లి ఇరుక్కుంటే ఇంకేటి ఎయ్యగలవు? పిల్లలున్నోడివి."

ఇంతకు ముందు ఎవరూ నాకు ఈ సంగతిని ఇంత తేటగా చెప్పలేదు. ఆయన అంతటితో ఆగలేదు. గెడ్డ (కొండవాగు) దాటే ముందు దిగి, కర్ర పట్టుకుని నడిచి, అడుగున రాయి ఉందో బురద ఉందో చూడాలన్నాడు. మోకాలు దాటితే తిరిగి వచ్చేయమన్నాడు. దాటుతుండగా క్లచ్ తొక్కవద్దన్నాడు. పై కొండ మీద వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా గెడ్డ పొంగుతుందన్నాడు. అమ్మవారి పాదాల దగ్గర బస్సు నెమ్మదించగానే మాట ఆపి దండం పెట్టుకున్నాడు. మా అబ్బాయికి కడుపులో తిప్పడం మొదలైతే, తన చోటు వాడికి ఇచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టి, దిగేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. బస్టాండులో టీ తాగమని బతిమాలినా ఆగలేదు. క్లచ్ ప్లేటు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

బండి యజమాని పదవీ విరమణ చేసిన మాస్టారు. కాఫీ తోట ఉంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక తోటకు మోటారు సైకిల్ చాలునని అమ్ముతున్నారు. బండి చూడగానే మా ఆవిడ ముఖం చిన్నబోయింది. పక్కలన్నీ కొమ్మల గీతలు, అడుగు బంపరు సొట్ట, ఎర్రమట్టి తలుపుల సందుల్లో కూడా ఉంది. మేస్త్రి గారు గోనెపట్టా పరిచి కిందకు వెళ్లారు. ఛాసిస్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖణేల్, ఖణేల్ అని పలికింది. మట్టి కడిగి చూస్తే ఫ్యాక్టరీ రంగు అలాగే ఉంది. విశాఖలో మెరుస్తున్న బండ్ల అడుగున నేను చూసినదానికీ, ఇక్కడ గీతలు పడిన బండి అడుగున చూసినదానికీ ఉన్న తేడా నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది.

తరువాత మేస్త్రి గారు ముందు, వెనుక ఇరుసుల్లో కుడి ఎడమ చక్రాల తేడాను సర్దే డిఫరెన్షియల్స్ బిరడాలు విప్పించి వేలు ముంచి చూశారు. నూనె పాలు కలిసిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా చల్లటి గెడ్డలో మునిగినప్పుడు లోపలి గాలి సంకోచించి, సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. అందుకే నీళ్లలో తిరిగిన బండిలో ముందుగా చూడవలసింది ఇదే. ఇక్కడ నూనె నల్లగా, పాతగా ఉంది తప్ప తెల్లబడలేదు. లోపం టైర్ల దగ్గర కనిపించింది. వెనుక రెండూ కొత్తవి, ముందు రెండూ వేరే కంపెనీవి, సగానికి పైగా అరిగినవి. పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెల్లో చివరి రెండు తయారైన సంవత్సరం. ముందు టైర్ల మీద 17 అని ఉంది. చుట్టుకొలతలో తేడా ఉన్న టైర్లతో ఫోర్ వేస్తే, తిన్నని దారిలో కూడా ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఆ విషయం చెబితే మాస్టారు వాదించకుండా, "ధరలో తగ్గించుకోండి" అన్నారు.

నడిపి చూడటానికి మాస్టారు తన తోట దారికి తీసుకువెళ్లారు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలకు ఎర్రటి పండ్లు, కోతలు నడుస్తున్నాయి. దారి మట్టిది, మధ్యలో సన్నని గెడ్డ. మేస్త్రి గారు కర్ర పట్టుకుని దాటి చూశారు, పిక్కల లోతు. ముందు టూ మీదే వెళ్లాం. ఎగువన తడిసిన జేగురుమట్టిలో వెనుక చక్రం గిర్రున తిరిగింది. అక్కడ ఆగి, ఫోర్ వేసే గుండ్రటి మీట ఫోర్ హై వైపు తిప్పగానే లైటు వెలిగి, బండి నెమ్మదిగా ఎక్కింది. దిగేటప్పుడు పూర్తిగా నిలిపి, క్లచ్ తొక్కి 'ఫోర్ లో' (తక్కువ వేగంలో ఎక్కువ బలమిచ్చే గేరు) వేసి, మొదటి గేరులో బ్రేకు తొక్కకుండా దించాం. ఈ రకం విద్యుత్ మీటలున్న బండ్లలో వాడకం లేక గేరు మార్చే మోటారు పట్టేసి, 'ఫోర్ లో' పడకపోవడం, పడితే తిరిగి రాకపోవడం తరచుగా జరుగుతుంది. అందుకే ఒకటికి నాలుగుసార్లు వేసి తీసి చూశాం.

అసలు పరీక్ష వెనుక సీటుది. మా ఆవిడ పిల్లలతో మధ్య సీటులో కూర్చుని, అందరికీ బెల్టులు పెట్టి, ఆ దారంతా మళ్లీ ఒకసారి నడపమంది. పిల్లలు ఎగిరిపడలేదు. చివరి వరుసలో అడ్డంగా తిరిగి ఉన్న రెండు చిన్న సీట్లను మాత్రం విప్పేసి సామాను పెట్టుకుందామనీ, వాటిలో ఎవరినీ కూర్చోబెట్టేది లేదనీ తేల్చి చెప్పింది. ఇది మేస్త్రి గారూ, నేనూ కూడా పట్టించుకోని విషయం. ఆవిడ చెప్పిందే సరైనది.

ఎనిమిదిన్నర లక్షలు చెప్పారు, ఏడు లక్షల అరవై వేలకు కుదిరింది. టైర్ల లెక్క ఇంకా తగ్గాలని మేస్త్రి గారు అన్నారు గాని, మాస్టారు దాచుకున్న సర్వీసు రసీదుల కట్ట చూశాక నాకు బేరం సాగదీయాలనిపించలేదు. ఏపీ 31 నంబరు కావడం మరో సౌకర్యం. కోరాపుట్ వైపు నుంచి వచ్చే ఒడిశా బండ్లు చవకే గాని, ఫారం 28 ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ జీవిత పన్ను కట్టి నంబరు మార్పించుకునేసరికి ఆ చవక అంతా కరిగిపోతుంది. ఇక్కడైతే పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చాలు. బ్యాంకు అప్పు తీరినట్టు ఆర్సీలో ఉందా అని చూశాం, ఉంది. రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్ల గడువు 2031 దాకా ఉంది. బీమా మన పేరుకు మార్చమని 14 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి, ఆర్టీవో దగ్గర పేరు మార్పుకు 30 రోజులు. కొన్న సంతోషంలో చాలామంది ఈ గడువులు మరచిపోతారు.

ఆ రాత్రి పాడేరులో గది అద్దె విని గుండె గుభేలుమంది. వంజంగి కొండ మేఘాలు చూడటానికి జనం వచ్చే రోజులట, మామూలు గదికి నగరంలో మంచి హోటలు ధర. చీకట్లో, పరిచయం లేని బండితో ఘాట్ దిగకూడదని మేస్త్రి గారు పట్టుబట్టారు కనుక ఇవ్వక తప్పలేదు. ఉదయం మంచు విడిచాక బయలుదేరి, టూ వీల్ మీదే, రెండో గేరు, మూడో గేరులలో ఇంజన్ పట్టు మీద దిగాం. దిగాక చక్రాల దగ్గర చేయి పెట్టి చూస్తే నాలుగూ దాదాపు ఒకే వేడిగా ఉన్నాయి. ఏ బ్రేకూ పట్టేయడం లేదని అర్థం. మాడుగులలో హల్వా కొనడానికి ఆగాం, దాని ధర కూడా ఏటేటా ఘాట్ ఎక్కుతూనే ఉంది.

రాజమహేంద్రవరం నుంచి చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి వెడల్పు అవుతున్న కొద్దీ, మన్యంలో పేరున్న చోట్లకు మామూలు కారు చాలు. ఈ బండి అవసరమయ్యేది రోడ్డు వదిలాక మిగిలే చివరి రెండు మూడు కిలోమీటర్లకే, అదీ ఊరివారు రోజూ బండ్లు తిప్పే దారిలో. అడవిలోకి కొత్త దారి చేసుకుంటూ, పంట గట్ల మీదుగా పోనివ్వడానికి కాదు. ప్రస్తుతానికి బండి ఆటోనగర్‌లో ఉంది. రెండు డిఫరెన్షియల్స్‌కూ, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని రెండు ఇరుసులకూ పంచే గేర్ల పెట్టె)కూ, గేర్ బాక్స్‌కూ నూనె మార్చాలి, ముందు చక్రాలకు వెనుకవాటితో కలిసే టైర్లు వేయాలి, స్టెపినీ కూడా అదే కొలతది ఉండాలి. వెనుక అడ్డసీట్లు విప్పే పని మా ఆవిడ దగ్గరుండి చేయించింది.