లాడ్జి సర్వర్లకు కాన్ఫిగ్ సర్వీస్ కట్టిన అనుభవం

తిరుపతిలో లాడ్జిలకూ చిన్న హోటళ్లకూ బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే టీమ్‌లో నేను సర్వర్ వైపు పని చూస్తాను. బస్టాండ్ చుట్టుపక్కల, లీలామహల్ సర్కిల్ దగ్గర, తిరుచానూరు రోడ్డులో ఉన్న లాడ్జిలు మా సాఫ్ట్‌వేర్ వాడతాయి. 2025లో ఆ సర్వర్లన్నిటికీ కలిపి ఒక కాన్ఫిగరేషన్, మెటాడేటా సర్వీస్ డిజైన్ చేసే పని మా సీనియర్ అన్నకూ నాకూ అప్పగించారు. ఇలాంటి పని ఎత్తుకునేవాళ్లకు అక్కరకొస్తుందని, ఏది ఎందుకు అట్లా చేశామో రాస్తున్నాను.

లాడ్జి వ్యాపారంలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. తిరుపతిలో చాలాచోట్ల గదిలో దిగిన గంట నుంచి 24 గంటల లెక్క. కొన్నిచోట్ల పొద్దున ఫలానా టైముకు ఖాళీ చేయాలి. ఎక్స్‌ట్రా బెడ్‌కి ఎంత, అడ్వాన్స్ ఎంత, గది క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి ఇవ్వాలి, బిల్లు తెలుగులోనా తమిళంలోనా, ఇవన్నీ కాన్ఫిగ్. అవి ఒక్కో సర్వర్‌లో ఫైళ్లుగా ఉండేవి. ఏదైనా మార్చాలంటే ఫైలు దిద్ది, అన్ని సర్వర్లకూ పంపి, ఒక్కొక్కదాన్నే రీస్టార్ట్ చేయాలి. లాడ్జిలు కొన్నే ఉన్నప్పుడు ఇది చక్కగా నడిచింది. పెరిగేకొద్దీ రోజూ ఒకే ప్రశ్న ఎదురయ్యేది: ఈ నిమిషాన ఏ సర్వర్ ఏ విలువతో నడుస్తోంది? జవాబు కావాలంటే ఒక్కో సర్వర్‌లోకి లాగిన్ అయి చూసుకోవడమే.

మొదట కాగితం మీద ఒక విభజన రాసుకున్నాం. మనిషి నిర్ణయించేది కాన్ఫిగ్. యంత్రాలు తమ గురించి తాము చెప్పుకునేది మెటాడేటా. పన్ను రేటు, చెక్-అవుట్ పద్ధతి మొదటి రకం. ఏ సర్వర్ బతికుంది, ఫలానా లాడ్జి డేటా ఏ డేటాబేస్‌లో ఉంది, రాత్రి లెక్కలు ముగించే పని ఇప్పుడు ఏ వర్కర్ ప్రోగ్రామ్ చేతిలో ఉంది, ఇవి రెండో రకం. మొదటిది అరుదుగా మారుతుంది, కానీ ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది ఏళ్ల తర్వాత అడిగినా తెలియాలి. రెండోది క్షణక్షణం మారుతుంది, నిన్నటి సంగతి ఇవాళ ఎవరికీ అక్కర్లేదు. రెండింటికీ ఒకే నియమం పెడితే ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతుంది. ఈ విభజన తేలడానికే ఎక్కువ కాలం పట్టింది. తేలాక మిగతా నిర్ణయాలు చాలావరకు సులువయ్యాయి.

టూల్స్ గురించి ఎక్కువ చర్చ జరగలేదు. ఈ రకం సర్వీసులకు దారి చూపింది చబ్బీ, గూగుల్ తన సర్వర్ల కోసం కట్టుకున్న లాక్ సర్వీస్. దాని మీద పేపర్ 2006లో వచ్చింది. తర్వాత అదే తరహాలో యాహూలో జూకీపర్ పుట్టింది, 2013లో కోర్‌ఓఎస్ వాళ్లు ఎట్‌సీడీ మొదలుపెట్టారు. చాలా సర్వర్లలో ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్ తన స్థితినంతా దాచుకునేది ఎట్‌సీడీలోనే. మెటాడేటాకు మేమూ అదే తీసుకున్నాం, మూడు జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) మూడు నోడ్లు, అంటే అది నడిచే సర్వర్లు, పెట్టి. మూడింట్లో రెండు ఒప్పుకుంటేనే ఏ రాతైనా ఖాయమవుతుంది కాబట్టి ఒకటి పడిపోయినా పని ఆగదు. నాలుగు పెడితే ఇంకా గట్టిగా ఉంటుందనుకోకండి. అప్పుడు మూడు ఒప్పుకోవాలి, తట్టుకునేది మాత్రం మళ్లీ ఒక్క నోడ్ పోవడాన్నే. డిస్క్ విషయంలో మాత్రం పొదుపు చూడొద్దు. ప్రతి రాతా డిస్క్ మీదికి చేరాకే లెక్కలోకి వస్తుంది. డిస్క్ నెమ్మదిస్తే లీడర్ (మిగతావాటిని నడిపించే నోడ్) తాను బతికున్నానని పంపే హార్ట్‌బీట్లు ఆలస్యమై, డిఫాల్ట్‌గా ఒక సెకను ఉండే గడువు దాటిపోయి, అవసరం లేకుండానే కొత్త లీడర్ ఎన్నిక మొదలవుతుంది.

కాన్ఫిగ్‌ను ఎట్‌సీడీలో పెట్టలేదు. అందులో పాత వెర్షన్లు కాంపాక్షన్ (పాతవి తుడిచేయడం) అయ్యేదాకానే ఉంటాయి. డిఫాల్ట్‌గా మొత్తం నిల్వకు 2 జీబీ, ఒక్క రిక్వెస్ట్‌కు 1.5 ఎంబీ హద్దు. ఏళ్ల చరిత్ర దాచుకునే చోటు కాదది. మా దగ్గర ముందే ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ పెట్టాం. అందులో కొత్త వరస (రో) చేర్చడమే తప్ప దిద్దడం, తీసేయడం లేదు. "డబ్బు లెక్క తేల్చే విలువలు మనకు బాగా తెలిసిన చోటే ఉండనీ" అన్నాడు సీనియర్ అన్న. నాకూ అదే సబబనిపించింది.

డిజైన్‌కు అసలు పరీక్ష పన్ను రూపంలో వచ్చింది. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చాలని నిర్ణయించింది. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 12 శాతం ఉన్న పన్ను 5 శాతమైంది. అమలు సెప్టెంబర్ 22 నుంచి. ఆ ఏడాది తిరుమల బ్రహ్మోత్సవాలు 24న మొదలయ్యాయి. అంటే లాడ్జిలు కిటకిటలాడే రోజులకు సరిగ్గా ముందు, ఒకే అర్ధరాత్రి, అన్ని సర్వర్లలో పన్ను మారాలి. ఒక లాడ్జి మేనేజర్ ఫోన్ చేసి అడిగాడు: "సామీ, పన్నెండు కొట్టేసరికి రేటు మారిపోవాల గదా, మీరు ఆ రాత్రి మేలుకోని ఉంటారా?"

ఉంటానని మాటిచ్చాను. కానీ ఎవరూ మేలుకుని మార్చే పని లేకుండా చూడటానికే ఈ సర్వీస్ ఉండేది. అందుకోసం ప్రతి విలువకూ రెండు కాలాలు పెట్టాం: ఎప్పుడు రాశాం, ఎప్పటి నుంచి వర్తిస్తుంది. వెయ్యి రూపాయల గదికి పన్ను కీ (ఆ విలువకు పెట్టిన పేరు) తెరిస్తే వరసలు ఇట్లా కనిపిస్తాయి. 2022 జూలై 17 దాకా సున్నా. జూలై 18 నుంచి 12. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5. పక్కనే ఎవరు రాశారు, ఎవరు సరిచూశారు, దేని ఆధారంగా అన్నది ఉంటుంది. కొత్త వరసను నోటిఫికేషన్ రాగానే చేర్చాం. గడువుకు ముందే అది అన్ని సర్వర్లకూ చేరి కూర్చుంది. కాబట్టి ఆ అర్ధరాత్రి నెట్‌వర్క్‌తో గానీ, మా కాన్ఫిగ్ సర్వీస్‌తో గానీ ఏ సర్వర్‌కూ పని పడదు.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నాం. "ఇప్పుడు పన్ను ఎంత?" అని అడిగే వీలు సర్వర్ కోడ్‌కు ఇవ్వలేదు. ఫలానా తేదీకి ఎంత అనే అడగాలి. 21 రాత్రి దిగి 22న ఖాళీ చేసే యాత్రికుడికీ, ముందే డబ్బు కట్టి 25కు గది పట్టుకున్నవాళ్లకూ ఏ తేదీ లెక్కలోకి తీసుకోవాలో ఆడిటర్ తేలుస్తారు. ఆ నియమం బిల్లింగ్ కోడ్‌లో ఉంటుంది. తేదీ ఇస్తే రేటు చెప్పడం వరకే కాన్ఫిగ్ సర్వీస్ బాధ్యత. దీనివల్ల అక్టోబర్‌లో ఎవరైనా వచ్చి ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింట్ అడిగినా 12 శాతంతోనే వస్తుంది.

టైమ్‌జోన్ సంగతి విడిగా చెప్పాలి. మా సర్వర్ల గడియారాలు యూటీసీలో (మన టైము కన్నా ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయంలో) నడుస్తాయి. మనకు సెప్టెంబర్ 22 మొదలయ్యే అర్ధరాత్రి యూటీసీలో 21 సాయంత్రం 6:30. వట్టి తేదీ రాసి వదిలేస్తే సర్వర్ దాన్ని యూటీసీ తేదీ అనుకుంటుంది, రేటు మనకు తెల్లవారి 5:30కి మారుతుంది. తిరుపతిలో అవి ఖాళీ గంటలు కావు. రాత్రంతా రైళ్లూ బస్సులూ వస్తూనే ఉంటాయి, లాడ్జి కౌంటర్ మూతపడదు. ఆ ఐదున్నర గంటల్లో పడే ప్రతి బిల్లూ తప్పే అవుతుంది. అందుకే కాలం రాసేచోట టైమ్‌జోన్ లేని వరసను మా స్కీమా (ఏ విలువ ఏ రూపంలో ఉండాలో చెప్పే నియమాలు) అసలు తీసుకోదు.

స్కీమా మీద ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. 2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్ సేవలు గంటల తరబడి దెబ్బతిన్నాయి. వాళ్లే ప్రచురించిన నివేదిక ప్రకారం, ఖాళీ ఫీల్డులున్న ఒక పాలసీ డేటా క్షణాల్లో ప్రపంచంలో వాళ్ల డేటా సెంటర్లున్న రీజియన్లన్నిటికీ చేరింది. దాన్ని చదివిన సర్వీస్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కడికక్కడ కూలిపోయింది. సమస్య సరిచేశాక కూడా ఒక పెద్ద రీజియన్‌లో అన్నీ ఒకేసారి లేచి వెనకున్న డేటాబేస్ మీద పడటంతో కోలుకోవడం ఆలస్యమైంది. ఆ నివేదికను టీమంతా కూర్చుని వాక్యం వాక్యం చదివాం. అంత పెద్ద వ్యవస్థలో జరిగినది మా చిన్న వ్యవస్థలోనూ జరగొచ్చు, ఎందుకంటే ఒక్క చోట రాస్తే అంతటా మారడం అన్న సౌకర్యం మాకూ ఉంది. ఖాళీ విలువను రాసేటప్పుడే సర్వీస్ తిప్పికొడుతుంది, చదివే సర్వర్ కూడా మళ్లీ చూసుకుంటుంది. కొత్త వెర్షన్ మొదట ఒక్క సర్వర్‌కే వెళ్తుంది, అది కాసేపు సవ్యంగా నడిస్తేనే మిగతావాటికి. అన్నీ ఒకేసారి వచ్చి అడగకుండా సర్వర్ల మధ్య కావాలనే కొన్ని సెకన్ల తేడా పెట్టాం.

ఇంతకీ కాన్ఫిగ్ సర్వీసే పడిపోతే? ఇన్నాళ్లూ విడివిడిగా పడే సర్వర్లు, అన్నీ దీని మీదే ఆధారపడితే, ఇకమీద కలిసికట్టుగా పడతాయి. నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది దీని గురించే. చివరగా అందిన పూర్తి కాపీని ప్రతి సర్వర్ తన డిస్క్ మీద రాసుకుంటుంది. ముందు వేరే పేరుతో రాసి, చెక్‌సమ్ (ఫైలు చెడలేదని చూసే లెక్క) సరిపోయాకే అసలు పేరు పెడుతుంది, మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఫైలు మిగలకుండా. సర్వీస్ అందకపోతే ఆ కాపీతోనే లేచి పని మొదలుపెడుతుంది.

పాత విలువతో నడవడం కన్నా ఆగిపోవడం మేలని టీమ్‌లో ఒకరు గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు. అర్ధరాత్రి పిల్లలతో కౌంటర్ ముందు నిలబడ్డ కుటుంబానికి గది ఇవ్వలేకపోవడం పెద్ద కష్టం. ఎక్స్‌ట్రా బెడ్‌కి నిన్నటి రేటు పడటం పొద్దున సర్దుకోగలిగేది. కానీ ఆ వాదనలోనూ బలం ఉంది. ఉద్యోగం మానేసిన క్లర్క్ లాగిన్ ఆపేశామనుకోండి, పాత కాపీతో నడిచే సర్వర్ అతన్ని లోపలికి రానిస్తుంది. అందుకని ప్రతి కీ పక్కన ఒక గడువు రాశాం, ఎంత పాతదాకా నమ్మొచ్చో. గది రేట్లకు రోజులు, లాగిన్ అనుమతులకు నిమిషాలు.

గూగుల్‌లో చబ్బీ మరీ నమ్మకంగా నడుస్తుంటే, మిగతా టీమ్‌లు అది ఎప్పటికీ పడదని అనుకోకుండా దాన్ని కావాలనే అప్పుడప్పుడు ఆపేవారట. సర్వీసులను నమ్మకంగా నడపడం మీద వాళ్లు రాసిన ఎస్‌ఆర్‌ఈ పుస్తకంలో ఈ సంగతి ఉంది. మేమూ రద్దీ తక్కువున్న రోజు చూసి, పగటిపూట, అందరం సీట్లలో ఉండగా కాన్ఫిగ్ సర్వీస్‌ను ఆపుతున్నాం. డిస్క్ కాపీ పనిచేస్తుందని నమ్మడానికి నాకు ఇంతకన్నా మంచి మార్గం కనబడలేదు.

మెటాడేటా వైపు జాగ్రత్త పడాల్సింది లీజుల దగ్గర, అంటే ఒక పని కాసేపు ఒక్కరిదే అనే గడువున్న హక్కుల దగ్గర. ఒక లాడ్జి రాత్రి లెక్కలు ఒకే వర్కర్ ముగించాలి. రెండు వర్కర్లు ముగిస్తే అద్దె రెండుసార్లు పడుతుంది. వర్కర్ ఎట్‌సీడీలో కొన్ని సెకన్ల లీజు తీసుకుని, దాన్ని పొడిగించుకుంటూ పనిచేస్తుంది. మధ్యలో ఏ కారణంగానో కాసేపు స్తంభించిపోతే లీజు అయిపోయి పని వేరే వర్కర్‌కు వెళ్తుంది. మొదటిది మళ్లీ కదిలాక, పని ఇంకా తన చేతిలోనే ఉందనుకుని డేటాబేస్‌లో రాయబోతుంది. దీన్ని లీజు ఒక్కటే ఆపలేదు. లీజు దొరికినప్పుడు వచ్చే రివిజన్ నంబర్‌ను ప్రతి రాతతో పాటు పంపాలి, అంతకన్నా పెద్ద నంబర్ చూసిన డేటాబేస్ చిన్నదాన్ని నిరాకరించాలి. చబ్బీ పేపర్‌లోనే సీక్వెన్సర్ పేరుతో ఈ ఆలోచన ఉంది.

సెప్టెంబర్ 21 రాత్రి మేనేజర్‌కు ఇచ్చిన మాట కోసం నేను మేలుకునే ఉన్నాను, చూడటానికి మాత్రమే. డ్యాష్‌బోర్డ్‌లో సర్వర్లన్నీ ఒకే వెర్షన్ చూపిస్తున్నాయి. పన్నెండు దాటాక వెయ్యి రూపాయల గదికి పడిన తొలి బిల్లు తెరిచాను. అంతకుముందు 1,120 వచ్చేది, ఇప్పుడు 1,050. కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు: "మారింది సామీ, నేనేం ముట్టుకోలేదు."

ఇప్పుడు పొరల మీద పని చేస్తున్నాం. మామూలు విలువ, దాని మీద లాడ్జి విలువ, దాని మీద గది రకం విలువ. ఒక బిల్లులో ఫలానా ఛార్జీ ఎందుకు పడిందని అడిగితే అది ఏ పొర నుంచి, ఏ వరస నుంచి వచ్చిందో మేనేజర్ తన స్క్రీన్ మీదే చూసుకోగలగాలి. నాలుగో పొర కావాలని అడుగుతున్నవాళ్లు ఉన్నారు. మూడు పొరల్లో విలువ ఎక్కడి నుంచి వచ్చిందో తేటగా చూపించగలిగేదాకా దాని జోలికి వెళ్లకూడదని నిర్ణయించుకున్నాం.