వంటింటి గట్టుకి నల్లరాయి

"పాలిష్ సంగతి తర్వాత, ముందు ఇది ఎక్కడి రాయో అడుగు" అన్నారు బాబాయ్. బెంగళూరు దగ్గర జిగణిలో వంటింటి గట్టు కోసం నల్ల గ్రానైట్ చూస్తున్నాం. షాపతను "అనంతపురం సైడ్ సార్" అనగానే ఈయన రేటు మాటే మర్చిపోయారు.

బాబాయ్ రిటైరైన జియోఫిజిసిస్ట్, అంటే భూభౌతిక శాస్త్రవేత్త. బెంగళూరు నుంచి అనంతపురం దాకా నేలలోకి గోడల్లా దిగిన నల్లరాతి డైకుల్లోంచి బొటనవేలంత ముక్కలు డ్రిల్ చేసి తీసేవారు. తీసేముందు ప్రతి ముక్క మీదా దిక్కు గుర్తించాలి. రాయికే అయస్కాంతం ఉంటే దిక్సూచిని నమ్మలేం కదా, అందుకని ఎండ నీడని బట్టి లెక్క కట్టేవారట. మబ్బు పడితే టీ తాగుతూ కూర్చోవడమే!

ఆ డైకులు సుమారు 237 కోట్ల ఏళ్ల నాటివి. కరిగిన రాయి చల్లారి 580 డిగ్రీల కిందికి వచ్చేసరికి అందులోని మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం అప్పటి భూమి అయస్కాంత దిశని పట్టేసుకుంటుంది. భూమధ్యరేఖ దగ్గరైతే అది అడ్డంగా, ధ్రువాల దగ్గరైతే నిలువుగా ఉంటుంది. వీటిలో బాగా నిలువుగా ఉందట. అంటే మన అనంతపురం నేల అప్పట్లో ధ్రువానికి చేరువలో! మే నెలలో తాడిపత్రి వెళ్లొచ్చినవాళ్లకి ఈ మాట చెబితే కొడతారు.

ఇంత విన్నాక పిన్ని తెల్లరాయే కావాలంది. నలుపు మీద పిండి పడితే కనిపిస్తుందట.