ఫోన్ ఆపేసినా ఆకలేసే పెట్: పాత టచ్ ఫోన్లకు జావా గేమ్

నోకియా 5233, శాంసంగ్ స్టార్, ఆశా 305, ఆశా 501. ఈ ఫోన్లు ఇంకా చాలా ఇళ్లల్లో బీరువా సొరుగుల్లో పడి ఉన్నాయి, ఛార్జింగ్ పెడితే లేచి కూర్చుంటాయి కూడా. వీటన్నిటి మీదా ఎంఐడీపీ 2.0 (చిన్న ఫోన్ల కోసం చేసిన జావా ప్రమాణం) గేములు నడుస్తాయి. వీటి ప్రాసెసర్ చిన్నదే అయినా, పెంపుడు కుక్కపిల్ల గేమ్ రాయడానికి బోలెడంత.

కష్టమంతా బొమ్మల్లో కాదు, టైములో ఉంటుంది. బందాయ్ కంపెనీ 1996లో తెచ్చిన టమగోచి అనే పెంపుడు జంతువు ఆటబొమ్మలో బ్యాటరీ ఉన్నంతకాలం లోపలి గడియారం తిరుగుతూనే ఉండేది. ఫోన్లో అలా కుదరదు. గేమ్ మూసేశాక మీ కోడ్ ఒక్క లైను కూడా నడవదు. కాబట్టి కుక్కపిల్లకు ఆకలి వేసేది మళ్లీ గేమ్ తెరిచిన క్షణంలోనే: చివరిసారి సేవ్ చేసిన టైముకీ ఇప్పటికీ మధ్య ఎంత గడిచిందో చూసి, అదంతా ఒక్క దమ్మున లెక్కకట్టాలి.

కడుపు, ఆరోగ్యం లాంటి విలువలన్నిటినీ 0 నుంచి 1000 వరకు పూర్ణాంకాలుగా పెట్టుకోండి. ఒక అడుగు అంటే 15 నిమిషాలు. మెలకువగా ఉన్నప్పుడు అడుగుకి కడుపు 31 తగ్గాలి, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా నిద్రలో 8 తగ్గితే చాలు. రాత్రి నిండుగా తినిపించి పడుకోబెడితే తెల్లారేసరికి 680 ఉంటుంది. పిల్లలు ఉదయం తొమ్మిదికి కడుపు నింపి బడికెళ్తే సాయంత్రం నాలుగింటికి ఇంకా 132 మిగులుతుంది. ఒక్కో ముద్దకి 350 పెరిగేలా పెడితే రోజుకి ఆరుసార్లు తినిపిస్తే సరిపోతుంది. ఈ అంకెల్ని ఇంతకంటే కఠినంగా పెడితే మూడో రోజుకే ఆడేవాళ్లు విసిగిపోతారు.

గడిచిన టైమంతటికీ ఒకేసారి గుణించి తీసేయకండి. కడుపు సున్నాకి చేరాకే ఆరోగ్యం తగ్గడం మొదలవ్వాలి, మధ్యలో రాత్రి వచ్చి పోవాలి. అందుకే అడుగు అడుగూ లూప్‌లో నడపాలి. మూడు రోజులకు మించి లెక్కపెట్టకూడదు, అంటే గరిష్ఠం 288 అడుగులు. ఎంత నీరసపు ఫోనైనా ఇది రెప్పపాటులో చేసేస్తుంది. మూడు రోజుల తర్వాత కూడా కుక్కపిల్ల చావకూడదని నా అభిప్రాయం. జబ్బుపడి మూలన పడుకుంటే చాలు. సొరుగులో నుంచి తీసిన ఫోన్లో సమాధి కనిపిస్తే గేమ్ మళ్లీ ఎవరూ తెరవరు.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. లెక్క అయ్యాక "చివరి టైము = ఇప్పుడు" అని రాసేస్తారు. పది నిమిషాలకోసారి గేమ్ తెరిచి మూసేవాళ్ల కుక్కపిల్లకి అప్పుడిక ఎప్పటికీ ఆకలి వేయదు, ఎందుకంటే 15 నిమిషాలు నిండకముందే మిగులు ఎగిరిపోతూ ఉంటుంది. నడిపిన అడుగులను 15 నిమిషాలతో గుణించి, ఆ మొత్తాన్నే చివరి టైముకి కలపాలి. మూడు రోజుల హద్దు తగిలినప్పుడు మాత్రమే ఇప్పటి టైము రాయాలి. మిల్లీసెకన్ల లెక్కంతా జావాలో పెద్ద పూర్ణాంకాలు పట్టే లాంగ్ రకంలోనే ఉంచండి. చిన్నదైన ఇంట్‌లో వేస్తే దాదాపు 25 రోజులు దాటగానే అంకె తిరగబడి మైనస్‌లోకి పోతుంది.

గడియారాన్ని నమ్మలేం కూడా. బ్యాటరీ ఊడదీసి కొన్నాళ్లు వదిలేస్తే చాలా ఫోన్లు పాత తేదీకి వెళ్లిపోతాయి. అప్పుడు గేమ్ తెరిస్తే ఇప్పటి టైము సేవ్ చేసినదానికంటే వెనక ఉంటుంది. "గడిచింది సున్నా" అనుకుని ఆ పాత తేదీనే సేవ్ చేశారో, యజమాని తేదీ సరిచేయగానే ఏళ్లు గడిచినట్టు లెక్క తేలి కుక్కపిల్ల మంచాన పడుతుంది. గేమ్ తయారైన తేదీని కోడ్‌లో ఒక స్థిరాంకంగా పెట్టి, ఫోన్ తేదీ దానికంటే పాతదైతే దేన్నీ మార్చకండి. "తేదీ సరిచేయండి" అని చూపించి, కుక్కపిల్లని అలాగే ఉంచండి. తేదీ నమ్మదగ్గదే అయి, కొద్దిగా మాత్రమే వెనక్కి పోయుంటే ఇప్పటి టైము రాసుకుని ముందుకెళ్లొచ్చు.

టైమ్‌జోన్ ఇంకో తలనొప్పి. కొన్ని ఫోన్లలో డిఫాల్ట్ జోన్ జీఎంటీగానే వస్తుంది. అప్పుడు తొమ్మిదికి పడుకోవాల్సిన కుక్కపిల్ల మన టైము ప్రకారం తెల్లవారుజామున రెండున్నరకు పడుకుంటుంది. మొదటిసారి తెరిచినప్పుడు "ఇప్పుడు టైము ఇంతేనా?" అని అడిగి, కాదంటే 1,98,00,000 మిల్లీసెకన్లు, అంటే ఐదున్నర గంటలు కలిపి మళ్లీ చూపించడమే తేలిక దారి.

సేవ్ చేయడానికి ఆర్ఎంఎస్ (ఫోన్లో రికార్డులు దాచే ఎంఐడీపీ సదుపాయం) వాడాలి. వెర్షన్, వరుస సంఖ్య, చివరి టైము, పుట్టిన టైము, నాలుగు విలువలు, ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక అంకెలు పుట్టించే మొదటి అంకె), చెక్‌సమ్ (రికార్డు చెడిపోలేదని సరిచూసే అంకె): అంతా కలిపి 41 బైట్లు. సీడ్‌ని కూడా సేవ్ చేయకపోతే జబ్బు వచ్చినప్పుడల్లా గేమ్ మూసి తెరిచి తప్పించుకుంటారు. రికార్డులు రెండు పెట్టుకుని ఒకసారి ఒకదాంట్లో, మరోసారి రెండోదాంట్లో రాయండి. రాస్తుండగా బ్యాటరీ ఊడినా రెండోది భద్రంగా ఉంటుంది. తెరిచేటప్పుడు చెక్‌సమ్ సరిపోయినవాటిలో వరుస సంఖ్య పెద్దది ఎంచుకోవాలి. పాత రికార్డు డిలీట్ చేసి కొత్తది యాడ్ చేయొద్దు, సెట్‌రికార్డ్ వాడండి. డిలీట్ అయిన నంబరు మళ్లీ రాదు కాబట్టి ఒకటో నంబరు కోసం వెతికే కోడ్ ఎక్సెప్షన్ విసురుతుంది.

ఎప్పుడు సేవ్ చేయాలి? కాల్ వచ్చినా ఎర్ర బటన్ నొక్కినా గేమ్ ఆగుతోందని చెప్పే పాజ్‌యాప్ పిలుపు వస్తుందని నమ్ముకోవద్దు, తెర మరుగైనప్పుడు వచ్చే హైడ్‌నోటిఫైలో కూడా సేవ్ చేయండి. ప్రతి అడుగుకీ రాస్తే మాత్రం ఫ్లాష్ మెమరీకి రాయడం నెమ్మది కాబట్టి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

టచ్ సంగతికొస్తే, బటన్ సైజుని పిక్సెళ్లలో కాదు, మిల్లీమీటర్లలో ఆలోచించాలి. వేలికి 9 మిల్లీమీటర్లైనా కావాలి. 360×640 ఉన్న 5233లో అది దాదాపు 81 పిక్సెళ్లు, 240×400 ఉన్న శాంసంగ్ స్టార్‌లో 55. వరుసకి ఐదు బటన్లు పెడితే రెండింటిలోనూ 8 మిల్లీమీటర్లే వస్తుంది. నాలుగుతో ఆపండి: తిండి, ఆట, స్నానం, లైటు. మందు బటన్ జబ్బు చేసినప్పుడు మాత్రమే ఆట స్థానంలో వస్తే సరి, ఒంట్లో బాగాలేనప్పుడు ఎలాగూ ఆడదు.

నిమరడం ఈ గేములో అందరికీ నచ్చే పని, రెసిస్టివ్ తెర (ఒత్తితే పనిచేసే రకం) మీద తిప్పలు పెట్టేదీ అదే. వేలు కదలకుండా నొక్కి పట్టినా, వేలు జరిగిందని చెప్పే పాయింటర్‌డ్రాగ్డ్ మెథడ్‌కి పిలుపు వస్తూనే ఉంటుంది, చుక్క రెండుమూడు పిక్సెళ్లు అటూ ఇటూ వణుకుతుంది. మొదట తాకిన చోటు నుంచి కనీసం 20 పిక్సెళ్లు జరిగాకే నిమిరినట్టు లెక్కపెట్టండి. ఆ మెథడ్‌లో బొమ్మ గీయకండి, వేలున్న చోటు మాత్రం రాసుకుని వదిలేయండి. గీసే పని గేమ్ థ్రెడ్‌ది. సెకనుకు ఎనిమిది ఫ్రేములు చాలు, కుక్కపిల్ల నిద్రపోతుంటే రెండు.

గేమ్ అంతా ఉండే జార్ ఫైలు చిన్నగా ఉందని మెమరీ తక్కువ పడుతుందనుకోవద్దు. పీఎన్‌జీ ఎంత చిన్నదైనా విప్పాక పిక్సెల్‌కి నాలుగు బైట్ల దాకా తింటుంది. 96×96 సైజులో 24 ఫ్రేములంటే 864 కేబీ. ఒళ్లు నాలుగు ఫ్రేములు, కళ్లు ఐదు, నోళ్లు ఐదు విడివిడిగా గీసి పైన అతికిస్తే 180 కేబీ లోపే అయిపోతుంది, హావభావాలు కూడా ఇరవై ఐదు వస్తాయి. కుడివైపు నడకను డ్రారీజియన్‌తో అద్దంలోలా తిప్పితే ఎడమవైపు నడక వచ్చేస్తుంది.

తెలుగు అక్షరాలు డ్రాస్ట్రింగ్‌తో రాస్తే తెలుగు ఫాంట్ లేని ఫోన్లలో డబ్బాలు కనిపిస్తాయి. కావలసిన ముప్పై నలభై మాటలని కంప్యూటర్‌లో రాసి, ఒకే పొడుగాటి పీఎన్‌జీగా మార్చి, ముక్కలుగా వాడుకోవడమే మార్గం.

జార్‌తో పాటు ఇచ్చే వివరాల ఫైలు, అంటే జాడ్ ఫైలులో నోకియా-మిడ్‌లెట్-ఆన్-స్క్రీన్-కీప్యాడ్ విలువ "నో" అని రాయాలి. లేకపోతే 5233 తెర కింది భాగాన్ని ఉత్తుత్తి బటన్లతో నింపేస్తుంది. శాంసంగ్‌కి మిడ్‌లెట్-టచ్-సపోర్ట్ "ట్రూ". కంపైల్ చేయడానికి జేడీకే 8 కావాలి, 9 నుంచి సోర్స్ 1.3ని ఒప్పుకోదు. ఆ తర్వాత ప్రోగార్డ్ అనే టూల్‌ని మైక్రోఎడిషన్ ఆప్షన్‌తో నడిపి ప్రీవెరిఫై (ఫోన్ కోసం కోడ్‌ని ముందే సరిచూడటం) చేయకపోతే ఫోన్ గేముని తీసుకోదు. జాడ్‌లో రాసిన జార్ సైజు ఒక్క బైటు తేడా వచ్చినా ఇన్‌స్టాల్ కాదు. జార్ లోపలి వివరాల ఫైలైన మానిఫెస్ట్ చివర ఖాళీ లైను వదలకపోతే ఆఖరి వరుస మాయమవుతుంది.

మూసిన గేముని లేపే పుష్‌రిజిస్ట్రీతో అలారం పెట్టి "ఆకలేస్తోంది" అని చెప్పించొచ్చు కానీ, ఒక్కో మిడ్‌లెట్‌కి (జావా ఫోన్ ప్రోగ్రామ్‌కి) ఒక్క అలారమే ఉంటుంది, కొత్తది పెడితే పాతది పోతుంది. డిజిటల్ సంతకం లేని గేమైతే ఫోన్ అనుమతి అడిగి విసిగిస్తుంది. మొదటి వెర్షన్‌లో దాన్ని వదిలేయండి.

కంప్యూటర్‌లో ఫోన్‌ని అనుకరించే ఎమ్యులేటర్‌లో మౌస్ వణకదు, మెమరీ అయిపోదు, కాబట్టి అక్కడ ఆడినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. అసలు ఫోన్లో తేదీ నాలుగు రోజులు ముందుకి జరిపి, తర్వాత వెనక్కి జరిపి, తినిపిస్తుండగా ఇంకో ఫోన్ నుంచి కాల్ చేసి, ఆఖరికి బ్యాటరీ ఊడబీకి చూడండి.