నామినీ గడిలో నాయనమ్మ పేరు

నరసన్నపేట బాబాయ్ పోయాక బీమా పాలసీ కాగితాలు తీస్తే నామినీగా, అంటే ఆయన తర్వాత డబ్బు అందుకునే మనిషిగా, మా నాయనమ్మ పేరుంది. ఆయన పెళ్లికి ముందు కట్టిన పాలసీ. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. పెళ్లయినంత మాత్రాన నామినీ దానంతటదే మారదు మరి. ఇప్పుడా డబ్బు పిన్నికీ, ఇద్దరు పిల్లలకీ సమానం. "ఆడపిల్లకి కట్నం ఇచ్చేశాం కదా!" అన్నాడొక పెద్దాయన. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ సమాన వాటా ఉందని లాయరుగారు చెప్పాక మళ్లీ నోరెత్తలేదు.

తహశీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ చాలదట, కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తెమ్మన్నారు బీమా కంపెనీవాళ్లు. సరే, తెస్తాం.

అసలు టెన్షన్ బ్యాంకు ఎఫ్‌డీది. దానికి నామినీ పెదనాన్న. బ్యాంకు డబ్బు ఆయన చేతికే ఇస్తుంది గానీ అది ఆయన సొంతం కాదు, వారసులకి అప్పజెప్పాల్సిందే. ఈ మాట ఆయనతో అనడానికి ఇంట్లో అందరూ నా వైపే చూస్తున్నారు.