మీవాళ్లే తెస్తారన్నాడు

టీబీ అని తేలిన రోజు డర్బన్‌లో ఒక డాక్టరు అన్న మాట నాకింకా మానలేదు. ఏ ఆసుపత్రో రాయను. నా ఎక్స్‌రే చూస్తూ, "ఇది ఇండియా నుంచి తెచ్చుకున్నదే. మీవాళ్లు ఎక్కడికెళ్లినా వెంట తెస్తారు" అన్నాడు. దక్షిణాఫ్రికాలో టీబీ తక్కువేమీ కాదు. ఆ క్రిమి ఒంట్లో ఏళ్లకేళ్లు కదలకుండా ఉండి ఎప్పుడో లేస్తుంది. నాకెక్కడ అంటిందో ఆయన మాత్రం ఎలా చెప్పగలడు?

కళ్లె పరీక్షలూ అవీ వదిలేస్తాను. మాత్రలు మొదలెట్టిన కొత్తలో ఒక అర్ధరాత్రి దగ్గు తెర కమ్ముకొచ్చింది. వాష్‌బేసిన్‌లో ఉమ్మితే నెత్తురు. చారలు కాదు, ముద్దలు. మావారు అంబులెన్సుకి ఫోను చేస్తున్నారు. పక్కగదిలో పాప "అమ్మ కావాలి" అని తలుపు బాదుతోంది. ఊరుకోబెడదామని నోరు తెరిస్తే మళ్లీ నెత్తురు. పడుకుంటే గొంతుకి అడ్డం పడుతోంది, కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి. సింహాద్రి అప్పన్నా, పిల్లకి అంటనివ్వకు తండ్రీ అని మొక్కుకున్నాను. నన్ను బతికించమని అడగాలన్న ధ్యాసే లేదు.

వార్డులో ఒక జులూ నర్సమ్మ తెల్లవారేదాకా నా వీపు మీద చెయ్యి తీయలేదు. ఆ తల్లికి జన్మంతా రుణపడి ఉంటాను. అదే వార్డుకి పొద్దున్న రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు నా మొహమైనా చూడలేదు.

పక్కింటి పెద్దావిడ పూర్వీకులు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లోకి కూలికి వచ్చినవాళ్లు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను డర్బన్‌లో దించింది. ఆవిడ చారన్నం పట్టుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఈ నింద మాకు కొత్త కాదమ్మా" అన్నారు. నిజమే. 1896 డిసెంబరులో బొంబాయి నుంచి వచ్చిన కోర్లాండ్, నాదేరి ఓడలను ప్లేగు పేరు చెప్పి 23 రోజులు ఆపేశారు. దాని వెనక ఆరోగ్యం ఒక్కటే లేదని కోర్లాండ్‌లో ఉన్న గాంధీయే రాశారు. దిగాక ఆయన్ని తెల్లవాళ్ల గుంపు కొట్టింది.

ఆ తర్వాత ఇదే ఊళ్లో సెయింట్ ఎయిడాన్స్ మిషన్ డాక్టర్ బూత్ చేతుల మీదుగా, ఇక్కడి భారతీయ వ్యాపారి పార్సీ రుస్తుంజీ డబ్బుతో, ఒక చిన్న ధర్మాసుపత్రి వెలిసింది. గాంధీ రోజూ పొద్దున్నే వెళ్లి రోగులు చెప్పేది విని, డాక్టరుకు వివరించి, మందులిచ్చేవారు. అక్కడికొచ్చేవాళ్లు ఎక్కువగా తమిళ, తెలుగు, ఉత్తరాది కూలీలని రాసుకున్నారు. అది చదివి ఏడ్చాను. మనవాళ్ల జబ్బు చెబితే కూర్చుని విన్న మనిషి అప్పుడు ఒకడున్నాడు. తర్వాత 1969లో, వర్ణవివక్ష ప్రభుత్వం భారతీయులను తోలి కూర్చోబెట్టిన చాట్స్‌వర్త్ పేటలో, ఆర్.కె. ఖాన్ అనే న్యాయవాది పేరున పెద్దాసుపత్రే వచ్చింది.

ఇక్కడికొచ్చే మనవాళ్లకొక మాట. దగ్గు దాచకండి. రెండో నెలకి ఒళ్లు తేలికపడిందని మాత్రలు మానకండి, ఆరు నెలలూ మింగాల్సిందే. మూత్రం ఎర్రగా వస్తే హడలిపోకండి, అది మందు రంగు.

పాపకి పరీక్షలో ఏమీ లేదన్నారు. నా కళ్లెలోనూ క్రిమి పోయింది. ఆ డాక్టరన్న మాట మీద ఆసుపత్రికి ఫిర్యాదు రాసిచ్చాను. జవాబు రాలేదు, మళ్లీ రాస్తాను. చందనోత్సవానికి సింహాచలం వెళ్తున్నాం.