గేదెల షెడ్డులో ఒక తెల్లవారుజాము

నిన్న తెల్లవారుజామున నాలుగింటికి మా ఊరి గేదెల షెడ్డుకు వెళ్లాను. అక్కడ పనిచేసే అక్క అప్పటికే పేడ ఎత్తి, గచ్చు కడిగి, పొదుగులు తుడుస్తోంది. నీళ్లలో నానీ నానీ ఆమె వేళ్ల సందులు ఒరిసిపోయాయి.

“సెలవు ఎప్పుడక్కా?” అన్నాను.

“గేదెకు సెలవుంటే నాకూ ఉంటుంది తల్లీ.”

రాత్రి నిద్ర పట్టలేదు. 1948 నాటి కనీస వేతనాల చట్టమే పాడిని, పశువుల పెంపకాన్ని, కోళ్లను కనీస కూలి నిర్ణయించాల్సిన వ్యవసాయ పనుల్లో చేర్చింది. ఐదేళ్లు దాటకుండా వేతనాలను సమీక్షించాలనీ చెప్పింది. సమీక్షించేవారికి నా విన్నపం ఒక్కటే: కూలి అంకెతో ఆగకండి. రెండు పూటల పాలకూ మధ్య విరామమనే గంటల్లో ఆమె గడ్డి కోస్తోంది. ఆ గంటలూ లెక్కలోకి రావాలి. మొన్న గేదె తన్నిన మోకాలికి మందు కూడా తన డబ్బుతోనే కొనుక్కుంది.