386 మీద మాండెల్‌బ్రాట్ గీసిన కాలం

మన కాలేజీ ల్యాబులో 386 మిషన్లు (ఇంటెల్ 386 చిప్‌తో నడిచే పాత కంప్యూటర్లు) ఉన్న రోజుల్లో చదివినవాళ్లకు ఫ్రాక్టింట్ గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. తర్వాతి బ్యాచ్‌లవాళ్లు ఆ పేరు కూడా విని ఉండరు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మాండెల్‌బ్రాట్ లాంటి ఫ్రాక్టల్స్, అంటే ఎంత లోతుకు చూసినా మళ్లీ అలాంటి ఆకారాలే కనిపించే గణిత బొమ్మలు, గీసే ప్రోగ్రామ్ అది. సిలబస్‌లో మనకు కోబాల్, పాస్కల్, డీబేస్ ఉండేవి. చదివాం, పరీక్షలు రాశాం, పాసయ్యాం. కానీ కంప్యూటర్ లోపల లెక్క ఎట్లా నడుస్తుందో నాకు కళ్లతో చూపించింది మాత్రం ఫ్లాపీలో వచ్చిన ఆ ఉచిత ప్రోగ్రామే. అది లేకపోతే నేను ఈ వృత్తిలోకి వచ్చేవాణ్ణి కాదని గట్టిగా చెప్పగలను.

అప్పట్లో తిరుపతిలో సాఫ్ట్‌వేర్ దొరకడమంటే ఎవరో ఒకరు మద్రాసు వెళ్లి రావడమే. ఒక సీనియర్ అన్న సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచ్చీ స్ట్రీట్‌లో పని చూసుకుని, రాత్రికి ఫ్లాపీల డబ్బాతో దిగేవాడు. అందులో ఒకదాని మీద పెన్నుతో ఫ్రాక్టింట్ అని రాసి ఉంది. బయటి ఫ్లాపీ ఏది తెచ్చినా ల్యాబ్ అసిస్టెంట్ అన్న ముందు వైరస్ స్కాన్ చేసి కానీ మిషన్లో పెట్టనిచ్చేవాడు కాదు. ఆ పని ముగిశాక జిప్ ఫైలు విప్పి, ల్యాబు మొత్తానికి ఉన్న ఒక్క కలర్ వీజీఏ మానిటర్ ముందు అందరం గుమిగూడాం. మిగతావన్నీ తెలుపు నలుపు మానిటర్లు. ఆ కలర్ మిషన్ కోసం ఎన్ని పోటీలు జరిగాయో మన బ్యాచ్‌వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఎఫ్3 నొక్కితే అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కల తెర, 256 రంగులు. ముందు పెద్ద పెద్ద గళ్లు పడ్డాయి. ఆ గళ్లు సగమయ్యాయి, మళ్లీ సగమయ్యాయి. చూస్తుండగానే మధ్యలో నీలంగా ఒక బొద్దు ఆకారం, దాని చుట్టూ మొగ్గలు, మొగ్గల మీద వెంట్రుకల్లాంటి తీగలు. పేజ్ అప్ నొక్కితే తెర మీద చిన్న పెట్టె వస్తుంది. దాన్ని ఒక తీగ మీదికి జరిపి ఎంటర్ కొడితే ఆ తీగ తెరంతా పరుచుకుంటుంది. అందులో ఇంకో చోట పెట్టె పెడితే, మొదట చూసిన ఆ బొద్దు ఆకారమే బుల్లిగా లోపల కనిపిస్తుంది. తల, మొండెం కలిసే ఇరుకులో సముద్ర గుర్రం తోకల్లా మెలికలు తిరిగిన సుడులు ఉంటాయి. ఆ చోటిని ప్రపంచమంతా సముద్ర గుర్రాల లోయ అనే పిలుస్తుందని తర్వాత తెలిసింది.

మ్యాథ్స్ సార్ ఒకరోజు వెనక నిలబడి చాలాసేపు చూశారు. "ఏంప్పా, బాగుంది కదా అని చూస్తా ఉండారా, అది ఏం చేస్తా ఉందో కనుక్కున్నారా?" అన్నారు. మాకు తెలియదు. ఎక్స్ కీ నొక్కి ఆప్షన్ల తెర తెరవమన్నారు. పాసెస్ (బొమ్మను ఏ పద్ధతిలో గీయాలో చెప్పేది) అనేచోట గెస్ (ఊహించి నింపడం) తీసేసి 1 పెట్టించారు. ఇప్పుడు గళ్లు లేవు, బొమ్మ పైనుంచి ఒక్కో వరుసగా దిగడం మొదలుపెట్టింది. పైన గబగబా వచ్చిన వరుసలు మధ్యకు చేరేసరికి మెల్లబడ్డాయి. "ఎక్కడ నిదానిస్తా ఉందో చూసుకోండి. ఎందుకు నిదానిస్తా ఉందో రేపు నాకు చెప్పాల" అని వెళ్లిపోయారు.

మరుసటి రోజు చెప్పలేకపోయాం, ఆయనే బోర్డు మీద చేసి చూపించారు. ఒక సంఖ్య అనుకో. సున్నాతో మొదలుపెట్టి, ఉన్నదాన్ని వర్గం చేసి, అనుకున్న సంఖ్య కలుపు. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి మళ్లీ అదే కలుపు. 1 అనుకుంటే 1, 2, 5, 26, 677 అని పారిపోతుంది. మైనస్ 1 అనుకుంటే మైనస్ 1, 0, మైనస్ 1, 0 అని అక్కడక్కడే తిరుగుతుంది, ఎన్నటికీ పారిపోదు. తెర మీద ప్రతి చుక్కా ఒక సంకీర్ణ సంఖ్య (కాంప్లెక్స్ నంబర్), అంటే అడ్డం కొలత ఒకటి, నిలువు కొలత ఒకటి ఉన్న సంఖ్య. సున్నా నుంచి దూరం 2 దాటిందంటే ఇక వెనక్కి రాదు, లెక్క ఆపేయవచ్చు. ఎన్ని సార్లకు దాటిందో దాన్ని బట్టి ఆ చుక్కకు రంగు. ఎన్నిసార్లు చేసినా దాటకపోతే అది మాండెల్‌బ్రాట్ సమితి లోపలిదని నీలం రంగు పడుతుంది. ఎంతసేపని చూస్తాం? ఫ్రాక్టింట్ మామూలుగా 150 సార్లు చూసి వదిలేస్తుంది.

అప్పుడు లెక్క మేమే వేశాం. తెర మీద 64,000 చుక్కలు. అన్నీ లోపలివే అనుకుంటే 96 లక్షల ఆవృత్తులు, అంటే అన్నిసార్లు వర్గం చేసి కలపడం. ఒక్కో ఆవృత్తికి మూడేసి గుణకారాలు, అంటే దాదాపు మూడు కోట్లు. బయటి చుక్కలు నాలుగైదు సార్లకే తప్పుకుంటాయి కాబట్టి అక్కడ గబగబా సాగుతుంది. లోపలివీ, అంచు దగ్గరివీ తొందరగా తేలవు. అందుకే మధ్యలో నిదానం. ఇంగ్లిష్ ఓ (O) అక్షరం కీ నొక్కితే గీస్తున్నప్పుడే ఒక్కో చుక్క లెక్క ఎటు దూకుతోందో తెర మీద కనిపించేది. బోర్డు మీద సుద్దముక్కతో రాసినవన్నీ మా కళ్లముందే గెంతుతుంటే సంకీర్ణ సంఖ్యల చాప్టర్ మీద నాకున్న భయం పూర్తిగా పోయింది.

ఇప్పుడు ఫోన్‌లో ఇదే బొమ్మ కన్ను మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ ఎక్కడ కష్టపడిందో తెలియదు. ఆ పాత మిషన్ నిదానమే మాకు పాఠం చెప్పింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా అదే.

ఆ నిదానాన్ని తగ్గించడానికి ఫ్రాక్టింట్ రాసినవాళ్లు పడిన తిప్పలు తెలిస్తే ముచ్చటేస్తుంది. మన 386లలో మ్యాథ్ కోప్రాసెసర్ ఉండేది కాదు, అది విడిగా కొనాలి. అది లేకుండా దశాంశాల లెక్క అంటే మిషన్‌కు ప్రాణం మీదికి వచ్చినంత పని. దీన్ని మొదలుపెట్టిన బెర్ట్ టైలర్ 1988లో దాని మొదటి రూపం ఫ్రాక్ట్386 రాసినప్పుడు దశాంశాలనే పక్కన పెట్టేశాడు. సంఖ్యను పెద్దది చేసి 386లో ఉన్న 32 బిట్ల పూర్ణాంకంగా మార్చి, పూర్ణాంకాల గుణకారంతోనే పని కానిచ్చాడు. ఫ్రాక్టింట్ పేరు చివర ఉన్న ఇంట్ అదే, ఇంటీజర్. తర్వాత 286, ఇంకా పాత మిషన్లలోనూ నడిచేట్టు మార్చారు. పూర్ణాంకంలో పట్టే అంకెలు కొన్నే కాబట్టి బాగా లోతుకు జూమ్ చేస్తే అవి చాలవు, అప్పుడు ప్రోగ్రామ్ తనంతట తానే దశాంశాల లెక్కకు మారుతుంది. ఆ మార్పు జరిగిన క్షణం మాకు చూడగానే తెలిసిపోయేది, ఒక్కసారిగా బొమ్మ నత్తనడక పట్టేది.

ఇంకో ఉపాయం, మొదట చూసిన ఆ గళ్లు. గడి చుట్టూ ఉన్న చుక్కలన్నీ ఒకే రంగైతే లోపల కూడా అదే రంగు అని ఊహించి నింపేయడం. అంచు వెంబడే నడిచి లోపలంతా ఒక్కసారిగా నింపే పద్ధతి ఇంకోటి ఉంది. ఇది చెల్లుబాటు కావడానికి కారణం, మాండెల్‌బ్రాట్ సమితి మొత్తం ఒకే ముక్క, విడి దీవులు లేవు. దువాడీ, హబ్బర్డ్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1980ల మొదట్లోనే అది రుజువు చేశారు. ఎక్కడో ఫ్రాన్స్‌లో రుజువైన సిద్ధాంతం వల్ల మన ల్యాబులో బొమ్మ త్వరగా పూర్తవుతుందని సార్ చెప్పినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

మాండెల్‌బ్రాట్ గురించి కూడా సారే చెప్పారు. వార్సాలో పుట్టి, ఐబీఎం పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఆయన, 1980లో అక్కడి కంప్యూటర్ల మీద ఈ ఆకారాన్ని గీయించి చూశారు. దాని వెనకున్న గణితాన్ని జూలియా, ఫాతూ అనే ఫ్రెంచివాళ్లు 1918 ప్రాంతంలోనే కంప్యూటర్ లేకుండా, బొమ్మ చూడకుండా రాసి పెట్టారు. ఫ్రాక్టింట్‌లో మాండెల్‌బ్రాట్ బొమ్మ మీద ఉండి స్పేస్ బార్ నొక్కితే ఆ జూలియా పేరుతో పిలిచే బొమ్మ వస్తుంది.

ఇక రంగుల సంగతి. సి నొక్కితే రంగులు తిరగడం మొదలవుతుంది. సుడులన్నీ లోపలికి పారుతున్నట్టు, తీగల వెంట దీపాలు పరుగెడుతున్నట్టు ఉంటుంది. ఇంత నిదానం మిషన్ ఇంత వేగంగా ఎట్లా కదిలిస్తోంది? బొమ్మను అసలు ముట్టుకోదు. వీజీఏలో, అంటే అప్పటి తెర బొమ్మల హార్డ్‌వేర్‌లో, రంగుల పట్టిక ఒకటి ఉంటుంది, రెండు లక్షల అరవై రెండు వేల పైచిలుకు రంగుల్లోంచి ఏరుకున్న 256. ఆ పట్టికలో అంకెలు మాత్రం ఒక్కో గడి జరుపుతుంది. ప్లాస్మా అనే రకం బొమ్మ మీద ఇది చేస్తే మబ్బులు కదిలినట్టే ఉంటుంది. కార్తీకంలో శేషాచలం మీద మబ్బు దిగినప్పుడు ల్యాబు కిటికీలోంచి కనిపించేది కదా, ఆ రోజుల్లో ఈ బొమ్మ పెట్టుకుని ఇటూ అటూ చూసేవాళ్లం.

మన బ్యాచ్‌లో కొర్లగుంట నుంచి వచ్చే ఒకమ్మాయి ఉండేది. ఆమెకు మాండెల్‌బ్రాట్ మీద అంత మోజు లేదు. ఫ్రాక్టింట్‌లో ఎల్-సిస్టమ్ అనే విభాగాన్ని పట్టుకుంది. లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త మొక్కలు పెరిగే తీరును రాయడానికి 1968లో తెచ్చిన పద్ధతి అది. మామూలు టెక్స్ట్ ఫైలులో రెండు మూడు లైన్లు రాయాలి. ఎఫ్ అంటే ముందుకు గీత గీయి, ప్లస్ అంటే ఒక వైపు తిరుగు, మైనస్ అంటే రెండో వైపు తిరుగు. ప్రతి ఎఫ్ స్థానంలో ఒక పెద్ద వరుసను పెట్టమని నియమం ఇస్తే, ఆ వరుసలోని ఎఫ్‌లు మళ్లీ మారతాయి. గీత మీద మొటిమ, మొటిమ మీద మొటిమ లేచి మంచు పలుకు ఆకారం వస్తుంది.

ధనుర్మాసంలో వాళ్ల వాకిట్లో వేసే మెలికల ముగ్గును ఈ నియమాల్లో రాయాలని ఆమె పట్టుదల. చుక్కల చుట్టూ చెయ్యి ఎత్తకుండా ఒకే గీతగా తిరిగి, మొదలుపెట్టిన చోటే కలిసే ముగ్గు. గ్రాఫ్ కాగితం మీద ముందు వాళ్లమ్మ చేత వేయించుకుని, చెయ్యి ఎటు తిరిగితే అటు ప్లస్, మైనస్ రాసుకుంటూ వచ్చింది. మొదట్లో మెలిక బదులు మూలలు పడ్డాయి. కోణాన్ని చిన్నది చేసి, గీతను ముక్కలు చేశాక మెలిక మెలికలాగే తిరిగింది. నాలుగు చుక్కల ముగ్గు రాసిన నియమాన్నే ఒక మెట్టు పెంచితే పెద్ద ముగ్గయింది. తెర చూసి ల్యాబ్ అసిస్టెంట్ అన్న "ఏమ్మా, మా ఇంటి ముందర ముగ్గు దీన్లోకి ఎట్లొచ్చింది?" అని అడిగాడు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు 1974లోనే ముగ్గుల వ్యాకరణం మీద పరిశోధన పత్రం రాశారని ఎన్నో ఏళ్ల తర్వాత చదివాను. మనకు ఒక్క రాత్రి ప్రయాణం దూరం కూడా లేని చోట అంత పని జరిగింది.

డబ్బుల మాట కూడా చెప్పాలి. అప్పట్లో చిన్న ప్రోగ్రామ్‌లు ఎక్కువగా షేర్‌వేర్. వాడి చూసి, నచ్చితే పదో ఇరవయ్యో డాలర్లు రచయితకు పంపాలి. అది న్యాయమైన పద్ధతే, కానీ తిరుపతిలో హాస్టల్ కుర్రాడు అమెరికాకు డాలర్లు పంపడం అయ్యే పని కాదు. ఫ్రాక్టింట్‌కు అసలు ఆ మాటే లేదు. బెర్ట్ టైలర్‌తో టిమ్ వెగ్నర్, మార్క్ పీటర్సన్, పీటర్ బ్రాండర్‌హార్స్ట్ చేరారు, కంప్యూసర్వ్ అనే అప్పటి ఆన్‌లైన్ సేవ ద్వారా ఇంకా ఎందరో తలా ఒక ముక్క రాసి పంపారు. తమ బృందానికి స్టోన్ సూప్ గ్రూప్ అని పేరు పెట్టుకున్నారు. ఉత్త రాయి వేసి నీళ్లు మరగబెడుతుంటే ఊళ్లోవాళ్లు తలా ఒక కూరగాయ తెచ్చి వేసి చారు చేసే యూరప్ జానపద కథలోంచి వచ్చిన పేరు. ప్రోగ్రామ్‌తో పాటు సోర్స్ కోడ్ కూడా ఇచ్చేశారు, సీ భాషలో, చిప్ సొంత ఆదేశాలకు దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో. ఆ అసెంబ్లీ ఫైళ్లు ప్రింట్ తీసి హాస్టల్ గదిలో చదివిన రాత్రులే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చాయి. ఇంటర్వ్యూలో ఫిక్స్‌డ్ పాయింట్ (దశాంశాలను పూర్ణాంకాలుగా మార్చి చేసే లెక్క) గురించి అడిగారు. టెన్షన్ లేకుండా బోర్డు మీద మాండెల్‌బ్రాట్ లెక్కే చేసి చూపించాను.

తర్వాత ఇలాంటి ప్రోగ్రామ్‌లు చాలా వచ్చాయి. ముందు బొమ్మలో చేసిన లెక్కను పారేయకుండా తర్వాతి బొమ్మకు వాడుకుని, ఆగకుండా జూమ్ చేసే ఉచిత ప్రోగ్రామ్ ఎక్సావోస్. పొరల మీద పొరలు వేసి రంగులు దిద్దుకునే షేర్‌వేర్ అల్ట్రా ఫ్రాక్టల్. జ్వాలల్లాంటి బొమ్మలకు అపోఫిసిస్. మూడూ వాడాను, మూడూ గొప్పవే. చదువుకునే పిల్లలకు ఇవ్వాలంటే మాత్రం ఇప్పటికీ ఫ్రాక్టింటే ఇస్తాను.

పాత డాస్ ప్రోగ్రామ్‌లను నడిపించే డాస్‌బాక్స్ వేసుకుంటే ఈ రోజు ల్యాప్‌టాప్‌లోనూ అది నడుస్తుంది. మన రోజుల్లో దాచుకున్న జిఫ్ (GIF) బొమ్మల ఫైళ్లు మొన్న అందులో తెరిచాను. ఫ్రాక్టింట్ జిఫ్‌లో బొమ్మతో పాటు ఏ సూత్రం, ఎక్కడ జూమ్ చేశాం అన్నదీ దాచిపెడుతుంది. ఆర్ నొక్కి ఫైలు ఎంచుకుంటే చాలు, కరెంటు పోతుందేమోనని సగంలో సేవ్ చేసినవి కూడా ఆగిన చోటు నుంచి మళ్లీ గీయడం మొదలుపెట్టాయి. కొత్తగా చూసే పిల్లలకు ఒక మాట, కంట్రోల్, ఎఫ్11 కలిపి కొన్నిసార్లు నొక్కితే డాస్‌బాక్స్ వేగం తగ్గుతుంది. 386 అంత నిదానానికి దించి, పాసెస్ 1 పెట్టి, అప్పుడు చూడండి.

మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం రోజు ల్యాబులో ఒక మిషన్ ఇప్పిస్తే నేను పొద్దున్నే వచ్చి ఇదంతా పెట్టి ఉంచుతాను. నా ఫైళ్లలో ముగ్గు ఫైలు ఒక్కటే లేదు. కొర్లగుంట అమ్మాయి ఈ సంచిక చదివితే, దాన్ని ఎక్కడైనా దాచి ఉంటే, దయచేసి వెంట తీసుకురావాలి.